ఇడలీనా మొక్కు, ఆర్పా సత్రం

హాఫ్ మూన్ బే అనే రేవు ఊళ్లో పొగమంచు ఎంత దట్టంగా దిగుతుందంటే, ఆడవాళ్లు తాడు కట్టే పని లేకుండా ఉతికిన బట్టలు దాని మీదే ఆరేస్తారట. అవి ఆరవు, అది వేరే సంగతి. 1985 జూలైలో అలాంటి మంచులో గిల్ ఫర్టాడో సాల్మన్ చేపల కోసం ఒంటరిగా పడవేసుకుని వెళ్లాడు, సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు అతని భార్య ఇడలీనా ఇంట్లో కూర్చోలేక కారు తీసుకుని కొండ దాటి మెన్లో పార్కులో తన ఆఫీసుకు వెళ్లిపోయింది. ఇంట్లో ఉంటే అత్తగారి ముఖం చూడాలి. ఆఫీసులో అయితే ఫోను చూస్తే చాలు.

ఇడలీనా పుట్టింది ఆ ఊళ్లోనే, పాలవాళ్ల ఇంట్లో. ఆమె తండ్రి అజోర్స్ దీవుల నుంచి ఓడెక్కినప్పుడు ఒక పెట్టె, ఒక తమ్ముడు వెంట ఉన్నారనీ, దిగేటప్పటికి రెండూ లేవనీ, తమ్ముడు తర్వాత దొరికాడు గాని పెట్టె దొరకలేదనీ ఆ ఇంట్లో చెప్పుకునేవారు. పెట్టె దొరికి ఉంటే బాగుండేదని కూడా చెప్పుకునేవారు. ఇడలీనా ఇరవై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది. ఆమె గొంతు అలాంటిది. "ఒక్క క్షణం లైనులో ఉండండి" అని ఆమె అంటే తుఫాను కూడా ఆగి లైనులో ఉండేదని గిల్ అంటాడు. ఎక్స్చేంజిలోకి మరలు వచ్చి మనుషులు బయటికి వెళ్లాక, ఆమెకు కంప్యూటర్ల పేర్ల ఆఫీసులో పని దొరికింది.

కంప్యూటర్ల పేర్ల ఆఫీసంటే ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. "బారసాల చేస్తారా?" అని బేకరీ దగ్గర అడిగేవాళ్లు. నిజానికి దాదాపు అదే పని. అప్పట్లో దేశంలో విశ్వవిద్యాలయాల్లో, సైన్యం దగ్గర, కొన్ని కంపెనీల్లో ఉన్న పెద్ద పెద్ద యంత్రాలు తీగల ద్వారా ఒకదాంతో ఒకటి మాట్లాడుకునేవి. రక్షణ శాఖ వారి పరిశోధన సంస్థ ఒకటి డబ్బు పెట్టి ఆ తీగలు వేయించింది. ఆ సంస్థ పేరు ఆర్పా. ప్రతి యంత్రానికీ ఒక నంబరు, ఒక ఒంటి పేరు ఉండేవి. ఎవరైనా కొత్త యంత్రం కొంటే ఆఫీసుకు ఫోన్ చేసి పేరు చెప్పేవారు. ఆ పేరు అంతకుముందే ఎవరూ పెట్టుకోకపోతే రాసుకునేవారు. నక్షత్రాల పేర్లు, సారాల పేర్లు, కుక్కల పేర్లు అన్నీ అయిపోయాయి. యంత్రాలు పెరిగే కొద్దీ ఒంటి పేర్లు చాలవని తేలింది. ఇంటిపేర్లు కావాలన్నారు. చదువుల బళ్లకు ఒకటి, కంపెనీలకు ఒకటి, ప్రభుత్వానికి ఒకటి, సైన్యానికి ఒకటి అని పెద్దలు నిర్ణయించారు. పేరు రాసి, చుక్క పెట్టి, చుక్క తర్వాత ఇంటిపేరు రాయాలి.

అయితే ఒక్క రోజులో అందరూ ఇళ్లు మారలేరు కదా. అందుకని తాత్కాలికంగా అన్ని యంత్రాలకూ ఒకే ఇంటిపేరు తగిలించారు. అదే ఆర్పా. అది ఒక సత్రం లాంటిది. అందరూ మూటలతో సహా అందులో దిగాలి. తమ తమ ఇళ్లు చూసుకుని ఒక్కొక్కరూ వెళ్లిపోవాలి. చివరివాడు వెళ్లాక సత్రానికి తాళం వేయాలి. సత్రం ఖాళీ చేయించే పని ఇడలీనాకు ఇచ్చారు. కొన్ని నెలల పని అన్నారు.

ఆ మూడో రోజు ఇడలీనా బల్ల ముందు కూర్చుని ఒక కంపెనీవాడితో మాట్లాడుతోంది. ఇల్లు మారమంటే వాడు వచ్చే నెల అంటున్నాడు. వాడు అలా అంటూండగానే ఆమె మనసులో గట్టిగా మొక్కుకుంది. పవిత్రాత్మా, మా ఆయన్ని ఒడ్డుకు చేర్చు, ఈ సత్రానికి తాళం వేసిన తర్వాత వచ్చే నీ పండక్కి ఊరందరికీ సోపాస్ పెడతాను అని. సోపాస్ అంటే ఆ ఊళ్లో పవిత్రాత్మ పండగనాడు సంఘం హాల్లో ఉచితంగా పెట్టే భోజనం. గొడ్డు మాంసం, క్యాబేజీ పెద్ద కుండల్లో ఉడికించి, పుదీనా వేసి, రొట్టె ముక్కల మీద పోస్తారు. ఒకరు మొక్కుకుంటే ఆ ఏడు ఖర్చంతా, చాకిరీ అంతా వారిదే. ఆ పని చేతిలో ఉండగా అంత వంటకు తీరిక దొరకదు గనక పని ముగిశాక అని షరతు పెట్టుకుంది. పవిత్రాత్మకు ఆ మాత్రం తెలియదా అనుకుంది.

ఫోన్ పెట్టేసిన వెంటనే మళ్లీ మోగింది. తీర రక్షక దళం వారు. మంచులో ఒక చోట కన్నం పడిందట. దాంట్లోంచి వాళ్ల విమానానికి ఒక పడవ ముందు భాగం కనిపించింది. పడవ పేరు కనిపించలేదు. ముక్కు మీద నంబరు మాత్రం ఉంది. నంబరు ఒడ్డుకు చెబితే, ఒడ్డు మీద ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసు అది గిల్ ఫర్టాడో పడవ అనీ, పగటి పూట అయితే భార్య ఆఫీసుకు ఫోన్ చేయాలనీ చెప్పింది.

గిల్ ఇంటికి వచ్చాడు. ఇంజన్ చచ్చిపోతే అలల మీద కొట్టుకుపోయాననీ, రెండు రోజులు ఒక పెలికన్ పక్షి పడవ మీద కూర్చుంటే దానికి తన పాపాలన్నీ చెప్పుకున్నాననీ, సగం వినేసరికే అది ఎగిరిపోయిందనీ చెప్పాడు. అందరూ ఏడ్చారు, నవ్వారు. తర్వాత అతని తల్లి దియోలిండా కళ్లు తుడుచుకుని కోడల్ని అడిగింది.

"ఏమని మొక్కుకున్నావే?"

ఇడలీనా చెప్పింది.

"అయితే మొక్కు తీరేదాకా వీడు సముద్రం మీదికి వెళ్లడు."

"అమ్మా, సీజన్ మధ్యలో ఉంది!"

"నీ ప్రాణం అరువు మీద తెచ్చుకున్నది రా. అరువు తీర్చకుండా మళ్లీ వెళ్లి ఆ దేవుడి చేతిలోనే పడతావా? కూర్చో."

తల్లి మాట కొట్టేసేవాడే గాని, గిల్ ఒకసారి తెల్లారకముందే వెళ్లి ఇంజన్ తిప్పి చూశాడు. అది కదల్లేదు. బాగుచేయించాక కూడా కదల్లేదు. గిల్‌కు తల్లి మాట మీద నమ్మకం కుదిరింది. అప్పటినుంచి అతను ఒడ్డు మనిషయ్యాడు.

ఒడ్డు మీద ఉన్న జాలరి ఎంత పని చేస్తాడో కట్టుకున్న దానికి తెలుస్తుంది. బాగున్న టోస్టరు బాగుచేశాడు. ఆ తర్వాత రొట్టె కిటికీలోంచి బయటపడేది. హాల్లో సోఫాలు జరిపి పీతల బుట్టలు అల్లాడు. పెరట్లో రేకుల షెడ్డు ఒకటి రెండు వారాలకని వేసి అలాగే వదిలేశాడు. పొద్దున్నే రేవుకు వెళ్లి, బయలుదేరే పడవలకు కాఫీ కప్పు ఊపి వచ్చేవాడు. రేవులో అందరికీ సంగతి తెలుసు.

"ఏం గిల్, మీ ఆవిడ సత్రం ఖాళీ చేసిందా?"

"చేస్తోంది."

"మా మనవడు పెళ్లీడుకొచ్చే లోపు అవుతుందా?"

"నీ మనవడికి పిల్ల దొరికేలోపు తప్పకుండా అవుతుందిలే."

ఒక రోజు అతను బజారునుంచి ఇత్తడి తాళం ఒకటి కొనుక్కొచ్చాడు, పిడికిలంత ఉంది. వంటింట్లో మేకుకు తగిలించాడు.

"ఇదేంటి?" అంది ఇడలీనా.

"సత్రానికి."

"గిల్, దానికి తలుపు లేదు. అది చుక్క తర్వాత వచ్చే పేరు."

"నువ్వు ఖాళీ చెయ్యి. తాళం ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటా."

ఆ తాళం చూసినప్పుడల్లా ఇడలీనా తన పట్టికలో ఇంకా మిగిలిన పేర్లు లెక్కపెట్టుకునేది. ఆఫీసులో మిగతావాళ్లకు అది పని. ఆమెకు అది మొగుడి బతుకు. అందుకని ఆమె ఫోన్ మీద ఫోన్ చేసింది. బతిమాలింది, నవ్వించింది, కొందరి తల్లుల ఆరోగ్యం కనుక్కుంది. ఒక సైనికాధికారి "నాకు ఆజ్ఞలిచ్చే వాళ్లు వేరే ఉన్నారు" అంటే, "వాళ్ల నంబరివ్వండి, వాళ్లకు ఆజ్ఞలిచ్చే వాళ్ల దగ్గర్నుంచి మొదలెడతాను" అంది. ఆ మధ్యాహ్నమే అతను ఇల్లు మారాడు. అయినా పండగ ఒకటి వచ్చింది, పోయింది. ఆ ఏడు సోపాస్ వేరేవాళ్లు పెట్టారు. గిల్ వరసలో నిలబడి గిన్నె పట్టుకుంటే వడ్డించేవాడు "నీదెప్పుడు?" అని గరిటె ఆపి అడిగాడు.

1987 వసంతానికి ఆమె పట్టికలో ఒక్కరు మిగిలారు. తూర్పున ఎక్కడో ఒక ప్రయోగశాలలో ప్రౌటీ అనే ప్రొఫెసరు.

"సమస్య మీకు అర్థం కావడం లేదు, మిసెస్ ఫర్టాడో" అన్నాడు ఆయన. "నేను బడికి చెందుతానా, కంపెనీకా, సైన్యానికా?"

"జీతం ఎవరిస్తారండీ?"

"ముగ్గురూ."

"ఎక్కువ ఎవరిస్తారు?"

"అది వాళ్లలో వాళ్లకు తెలియకూడదు."

"మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తారు?"

ఆయన ఆలోచించాడు. "విశ్వవిద్యాలయం క్యాంటీన్లో. అక్కడ చేపల పులుసు బాగుంటుంది."

"ప్రొఫెసర్ గారూ, మా ఆయన చేపలు పట్టేవాడు. మీరు ఆ సత్రంలో కూర్చున్నందువల్ల ఆయన ఒడ్డు మీద కూర్చున్నాడు." అని మొత్తం కథ చెప్పింది, పెలికన్‌తో సహా.

"బడికి రాసుకోండి. కానీ ఆ భోజనానికి నన్ను పిలవాలి" అన్నాడు ప్రొఫెసరు.

ఇడలీనా ఫోన్ పెట్టి, వరండాలోకి వెళ్లి గట్టిగా ఒక్క కేక పెట్టింది. తర్వాత పై గదిలో వెండెల్ ఓస్బీ దగ్గరికి వెళ్లింది. వెండెల్ నలభై దాటిన గడ్డం మనిషి. ఎండా వానా లేకుండా చెప్పులే వేసుకునేవాడు. యంత్రాల లోపలి పని అంతా అతనిది.

"అయిపోయింది వెండెల్. అందరూ వెళ్లిపోయారు. ఇక ఆర్పా పేరు తీసెయ్యండి."

వెండెల్ గడ్డం గోక్కున్నాడు. ఆ గోకడం ఆమెకు నచ్చలేదు.

"మనుషులు వెళ్లిపోయారు, నిజమే" అన్నాడు. "కానీ నంబర్లు ఉన్నాయి."

"ఏం నంబర్లు?"

"మేం అందులో ఒకటి పెట్టాం. నంబరు చెబితే పేరు చెప్పేది. చిన్నదే అప్పుడు. ఎలాగూ తీసేసే చోటే కదా అని అక్కడ పెట్టాం."

"తీసేసే చోట ఎవరైనా సామాను పెట్టుకుంటారా?"

"వేరే చోట పెట్టాలంటే కమిటీ వేయాలి, ఇడలీనా. ఆ కమిటీలో ఎవరుండాలో తేల్చడానికి ఇంకో కమిటీ. అక్కడైతే వద్దనేవాడు లేడు. ఇప్పుడు దేశంలో ప్రతి యంత్రం వచ్చి దాన్నే అడుగుతోంది. తీసేస్తే ఎవరెవరో ఎవరికీ తెలీదు."

"అయితే తాళం?"

"పడదు. ఎప్పటికీ పడకపోవచ్చు."

ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "ఈ మాట నేను మా అత్తగారికి చెప్పలేను. ఆదివారం మీరే వచ్చి చెప్పండి" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక వెండెల్ కొండ దిగి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర దియోలిండా తియ్య రొట్టె కోస్తోంది. గిల్ మేకుకున్న తాళం కింద నిలబడ్డాడు.

"పెళ్లయిందా నీకు?" అంది దియోలిండా.

"లేదండీ."

"చెప్పులు చూస్తే తెలుస్తోందిలే. కూర్చో. తిను. తిని చెప్పు, నా కొడుకు ఇంట్లో ఎందుకు కూర్చున్నాడో."

వెండెల్ రొట్టె మింగి చెప్పాడు. "యంత్రాలు ఒకదానికొకటి నంబర్లతోనే తెలుసండీ. మనుషులకి పేర్లు కావాలి. పేరు చెబితే నంబరు ఇచ్చే ఏర్పాటు ఒకటుంది. కానీ ఒక్కోసారి తలుపు కొట్టినవాడి నంబరు మాత్రమే తెలుస్తుంది. వాడెవడు? నమ్మొచ్చా? లోపలికి రానివ్వాలా? అది అడగడానికి వెళ్లే చోటు ఆర్పా. నంబరును వెనకనుంచి తిరగేసి అడుగుతాం."

"తిరగెయ్యడం ఎందుకు?"

"ఉత్తరం మీద ముందు ఇల్లు రాస్తాం, తర్వాత ఊరు, చివర దేశం. నంబర్లో ముందు దేశం ఉంటుంది, చివర ఇల్లు. రెండూ ఒక దారిన పోవాలి కదా."

"చేప పొలుసు తోకనుంచి గీకినట్టు."

"అంతేనండీ" అన్నాడు వెండెల్, ఎప్పుడూ చేప గీకకపోయినా.

"మరి అంత అవసరమైనదాన్ని పడగొట్టే సత్రంలో ఎందుకు పెట్టావురా నాయనా?"

"అప్పుడు తాత్కాలికం అనుకున్నాం."

దియోలిండా కిటికీలోంచి రేకుల షెడ్డు వైపు చూసింది. "అది కూడా రెండు వారాలకే" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆ రోజు విమానంలో వాడు ఏం చూశాడు?"

"పడవ చూశాడు."

"పడవ మీద ఏం చూశాడు? నా పేరు చూశాడా?"

గిల్ తల దించుకున్నాడు. ఆ పడవ పేరు దియోలిండా. పేరు మీద రంగు ఏనాడో పోయింది. మళ్లీ వేస్తానని అయిదేళ్లుగా తల్లికి చెబుతున్నాడు.

"నంబరు చూశాడమ్మా."

"నంబరు చూస్తే నువ్వని ఎలా తెలిసింది?"

"ఒడ్డు మీద ఆఫీసు వాళ్లు చెప్పారు. నంబరు చెబితే వాళ్లు పేరు..." గిల్ తలెత్తి తాళం వైపు చూశాడు.

"ఆ ఆఫీసుకు ఎవరైనా మొక్కుకుని ఆ వారం తాళం వేసి ఉంటే?"

వెండెల్ ఇంకో ముక్క తీసుకుందామని చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. దియోలిండా కోడలి వైపు కత్తి చూపిస్తూ అంది.

"నా బిడ్డని ఇచ్చింది అలాంటి చోటేనే. అలాంటి దానికి తాళం వేస్తానని ఆయనకే మొక్కుతావా? ఆయన నవ్వుకుని ఉంటాడు. ఇన్నాళ్లూ నీకు తాళం ఎందుకు పడనివ్వలేదనుకున్నావు?"

"మరి మొక్కు అత్తయ్యా? తాళం వేశాక అన్నాను."

"తాళం సంగతి నేను ఆయనతో మాట్లాడుకుంటా. మాకు చాలా ఏళ్ల పరిచయం. నువ్వు వెళ్లి మాంసానికి చెప్పు."

జూన్ నెల పండక్కి ఇడలీనా ఊరందరికీ సోపాస్ పెట్టింది. దియోలిండా తెల్లవారకముందే హాలుకు వెళ్లి, కుండల దగ్గర కుర్చీ వేసుకుని, పుదీనా తక్కువైందని నలుగురినీ ఒప్పించింది. వెండెల్ క్యాబేజీ కోశాడు. ఆ రోజు మాత్రం బూట్లు వేసుకున్నాడు, అవి రెండూ ఒక జత కావని తర్వాత తెలిసింది. ఊరికి ఊరంతా వచ్చింది. చివరి వరసలో సూటు వేసుకున్న ఒక పెద్దాయన సొంత చెంచా పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఉన్న ఇడలీనా ఆయన్ని ఎరగదు.

"మీరెవరండీ?"

ఆయన పేరు చెప్పలేదు. చిరునవ్వుతో తన యంత్రం నంబరు చెప్పాడు.

"ప్రౌటీ!" అని ఆమె పెట్టిన కేకకు గరిటెలన్నీ ఆగాయి.

సోమవారం పొద్దున గిల్ సముద్రం మీదికి వెళ్లాడు. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. పడవ ముక్కు మీద నంబరు కొత్తగా, మనిషెత్తు దూరం నుంచి కాదు, ఆకాశం నుంచి చదవడానికి వీలుగా ఉంది. దాని కింద తల్లి పేరు ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని దియోలిండా రేవులోనే చెప్పింది. అయినా పడవ కనుమరుగయ్యేదాకా నిలబడి చూసింది.

ఇడలీనా ఆ తర్వాత కూడా ఆ ఆఫీసులో ఉంది. తర్వాత పదవీ విరమణ చేసింది. పేర్ల పని చేతులు మారి, ఊళ్లు మారి, ప్రపంచమంతా పాకింది. ఆర్పా మాత్రం ఉన్నచోటే ఉంది. దాంట్లో ఎవరూ ఇల్లు కట్టుకోకూడదు, ఎవరికీ అమ్మకూడదు, యంత్రాలు తమలో తాము పనులు చక్కబెట్టుకోవడానికే అని పెద్దలు చాలా ఏళ్లకు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ అక్షరాలకు పాత సంస్థ పేరు వదిలించి కొత్త అర్థం కూడా ఇచ్చారు. ఇప్పుడు అది తాత్కాలికం కాదట. ఈ వార్త ఎవరో చెబితే ఇడలీనా, "మా అత్తగారు ఎప్పుడో చెప్పింది" అంది.

ఇత్తడి తాళాన్ని గిల్ పారేయలేదు. ఆ సోమవారమే పడవలో చేపల పెట్టెకు వేశాడు. తాళంచెవి ఆ మధ్యాహ్నమే సముద్రంలో పడిపోయింది. పెట్టె ఇవాళ్టికీ తెరుచుకోలేదు. అందులో ఆ రోజు పట్టిన చేప ఎంతుందో రేవులో అడిగినవాళ్లకు గిల్ చేతులు చాచి చూపిస్తాడు. ఏడాదికేడాది చేతులు ఇంకాస్త దూరం జరుగుతున్నాయి.